మంజూరు లేని ఒంటె

ఎర్రగవిలో మంజూరు లేని ఒంటె ఒకటి బయటపడింది.

ఆ వార్త వచ్చేసరికి గుహల సమానత్వాధికారి మార్తాండరావు ఇడ్లీ తింటున్నాడు. చట్నీలో ముంచిన ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"ప్రాణమున్నదా?" అని అడిగాడు.

"లేదు సార్. రాతిది," అంది సెక్షన్ ఆఫీసరు కేదారేశ్వరి.

"ఇంకా ప్రమాదం. ప్రాణమున్నదైతే తోలేయొచ్చు."

ఇడ్లీ వదిలేసి లేచాడు. చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయాడు.

ఒక రాతి ఒంటెకి ఇంత కంగారెందుకో తెలియాలంటే ముందు ఆ కూడలి సంగతి తెలియాలి. రాయలసీమ పడమటి కొసన, ఇసుక తిన్నెలు రోడ్డు మీదికి పాకి వచ్చే చోట, దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే ఎర్రగవి, కుడికి పోతే తెల్లగవి. గవి అంటే ఆ వైపు గుహ. రెండూ సున్నపురాతి గుహలే. దేశం మీద ఎన్నో గుహలున్నాయి, అవి ఒకదానితో ఒకటి పోటీ పడకుండా హాయిగా చీకట్లో ఉన్నాయి. వీటికి మాత్రం ఆ అదృష్టం లేకపోయింది. ఒకసారి ఒక పెద్దమనిషి రెండూ చూసి, "ఎర్రగవిలో ఏనుగు రాయి ఉంది. తెల్లగవిలో లేదేం?" అని అడిగాడు. ఏదో మాటవరసకి అడిగి, కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ప్రాంతీయ గుహా సమానత్వ మండలి ఏర్పడింది.

మండలి సూత్రం ఒక్కటే. ఒక గుహకు ఉన్నది రెండో గుహకు లేకపోతే అది వివక్ష.

ముందుగా తెల్లగవిలో ఒక గుండ్రటి రాయిని ఏనుగుగా ప్రకటిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. తొండం మంజూరు కావడానికి ఇంకొంత కాలం పట్టింది. తరవాత ఎర్రగవి కూడలికి దగ్గరని, తెల్లగవి దూరమని తేలింది. తెల్లగవిని దగ్గరికి జరపడం సాంకేతికంగా సాధ్యం కాదని ఇంజనీర్లు చెప్పడంతో, ఎర్రగవి రోడ్డుకి వంపులు వేశారు. ఇప్పుడా రోడ్డు ఎవరో విసిరేసిన చేంతాడులా ఉంటుంది. నాలుగో వంపు దగ్గర బయల్దేరిన కూడలి మళ్లీ ఎదురవుతుంది. అక్కడ కార్లలో వాళ్లు కూడలిలో ఉన్న వాళ్లకి చేతులూపుతారు. తరవాత తెల్లగవిలో చల్లగాను, ఎర్రగవిలో ఉక్కగాను ఉన్నట్టు ఫిర్యాదు వచ్చింది. ఎర్రగవిని చల్లబరచడానికి నిధులు లేవు. తెల్లగవిలో రెండు బొగ్గుల కుంపట్లు పెట్టారు.

మిగిలిన తేడా గైడ్లు.

గుహ చూపించడమంటే రాళ్లు చూపించడం కాదు. టార్చి ఒక రాయి మీద వేసి, "అదిగో" అని దానికో పేరు చెప్పాలి. పేరు చెప్పేదాకా అది రాయి. చెప్పాక మాత్రం అది ఏనుగే. ఇక రాయిగా చూద్దామన్నా కళ్లు ఒప్పుకోవు. ఈ విద్యలో తెల్లగవి గైడు సుంకమ్మకి సాటి లేదు. ఆమె టార్చి వేస్తే గోడలో అత్త మీద అలిగి అటు తిరిగి పడుకున్న కోడలు కనిపించేది. పెళ్లిలో రెండో పంక్తికి లడ్డు అందక నిలబడిపోయిన మేనమామ కనిపించేవాడు. జనం కడుపులు పట్టుకుని బయటికొచ్చి, మళ్లీ టిక్కెట్టు కొనేవాళ్లు. ఎర్రగవి గైడు ఎర్రిస్వామి ఆమె మొగుడు. అతను టార్చి వేసి, "ఇది రాయి. ఇది గూడా రాయి. తలకాయ జాగ్రత్త," అనేవాడు. తలకాయల విషయంలో మాత్రం అతని గుహలో ఇంతవరకు ఒక్క ప్రమాదం జరగలేదు.

ఎర్రిస్వామిని సుంకమ్మ స్థాయికి పెంచడానికి శిక్షణా శిబిరం పెట్టారు. శిబిరం ముగిసేనాటికి అతను "ఇది మంచి రాయి" అనగలిగాడు. అంతకు మించి కుదరలేదు. కాబట్టి సుంకమ్మని ఎర్రిస్వామి స్థాయికి తగ్గించారు. ఇద్దరికీ ఒకే ఆమోదిత వ్యాఖ్యానం ఇచ్చి, అందులో లేని ముక్క ఒక్కటి మాట్లాడినా ఉద్యోగం ఉండదన్నారు. అప్పటినుంచి సుంకమ్మ ఇంట్లో కూడా "ఇది సంగటి. ఇది పప్పు. వేడి జాగ్రత్త," అనే ధోరణిలోకి దిగిందని ఎర్రిస్వామి ఒకరిద్దరి దగ్గర వాపోయాడు. కానీ అది మండలి పరిధిలోకి రాదు.

ఇంత శ్రమపడి సాధించిన సమానత్వం మీద ఆ రోజు ఒంటె వచ్చి కూర్చుంది.

*

సరిగ్గా ఆ సమయానికే శేషుబాబు కారు కూడలికి వచ్చి ఆగింది. గుంటూరు నుంచి బయల్దేరిన ఆ కారులో అతనితో పాటు భార్య రాజ్యం, మరదలు భారతి ఉన్నారు. సాయంత్రానికి బళ్లారి చేరాలి కాబట్టి ఒక్క గుహకే వ్యవధి ఉంది. ఏ గుహ అన్న తగువు పొద్దున టిఫిన్ దగ్గర మొదలై ఇంకా తేలలేదు.

"ఎర్రది చూద్దాం బావా. తెలుపేముంది, మనింటి గోడలూ తెలుపేగా," అంది భారతి.

"మనింటి గోడలు తెల్లగా ఉండి ఎన్నేళ్లయిందే? అందుకే తెల్లది చూడాలంటున్నా," అంది రాజ్యం.

శేషుబాబు దిగి కూడలిలో ఉన్న మండలి టిక్కెట్ల కిటికీ దగ్గరికెళ్లాడు. కిటికీ మీద బోర్డు ఉంది: "రెండు గుహలూ ఒక్కటే. దయచేసి ఎంచుకోండి."

"రెండిట్లో ఏది బాగుంటుందమ్మా?" అని అడిగాడు.

"'బాగు' అనే మాట ఈ కిటికీ దగ్గర వాడకూడదండీ," అంది అప్పుడే లోపలికొచ్చి కూర్చున్న కేదారేశ్వరి.

"పోనీ, తేడా ఏంటి?"

"తేడా లేకుండా చూడ్డమే మా ఉద్యోగం."

"మరి ఎలా ఎంచుకోవాలి?"

"స్వేచ్ఛగా."

శేషుబాబు కారువైపు తిరిగి చూశాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ కిటికీ అద్దాలు దించి చెరోవైపు వేలు చూపిస్తున్నారు. స్వేచ్ఛ అతనికి అలవాటు లేని వస్తువు.

"బొమ్మా బొరుసూ వేస్తాను," అన్నాడు జేబులో చెయ్యి పెట్టి.

"వెయ్యకూడదు. నాణెం ఒకే వైపు పడుతుంది. పక్షపాతం."

అంతలో మార్తాండరావు పరుగున వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి, ఎప్పుడూ ఛాతీ ముందుకు, చేతులు వెనక్కి. ఆ రోజు మాత్రం ఒక చేతికి చట్నీ ఉంది.

"తక్షణం టిక్కెట్లు నిలుపు చెయ్యండి. పొద్దుట్నుంచి ఎడమకు ఎన్ని కార్లు పోయాయి?"

"అన్నీ సార్," అంది కేదారేశ్వరి. "కుడికి ఒక్కటి పోయింది. దారి తప్పి."

మార్తాండరావు కళ్లు మూసుకుని తెరిచాడు. ఎదురుగా శేషుబాబు ఉన్నాడు.

"మీరు ఒంటె గురించి ఏమైనా విన్నారా?"

"ఏ ఒంటె?"

"భేష్. విననివాళ్లు దొరికారు. మీరు ముగ్గురూ నిష్పాక్షిక నేత్రసాక్షులుగా నియమితులయ్యారు. నాతో రండి."

"ఇప్పుడు విన్నాం కదండీ, ఒంటె అని?"

"నేను చెప్పింది అధికారికంగా కాదు. కాబట్టి మీరు వినలేదు."

"టిక్కెట్టు లేకుండా గుహ చూపిస్తారా?" అని కారులోంచి అరిచింది రాజ్యం.

"సాక్షులకు ఉచితం."

"అయితే నేనూ వినలేదు," అని రాజ్యం దిగింది.

*

కేదారేశ్వరి కూడా కిటికీ మూసి వెంట వచ్చింది. చేంతాడు రోడ్డంతా తిరిగి ఎర్రగవికి చేరారు. లోపల ఎర్రిస్వామి టార్చి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, ఎండుకొమ్మలా ఉన్నాడు.

"చూపించు," అన్నాడు మార్తాండరావు.

ఎర్రిస్వామి టార్చి గోడ మీద వేశాడు. "ఇది రాయి సార్."

"సాక్షులారా, మీకు ఏమి కనబడుతున్నది? ఎవరి ప్రభావానికీ లోనుగాక చెప్పండి. ఒంటె కనబడకపోతే కనబడలేదని నిర్భయంగా చెప్పండి."

భారతి ఒక్క క్షణం చూసి చప్పట్లు కొట్టింది. "అమ్మో! మెడ చూడవే అక్కా. ఆ మూతి చూడు, నమిలేది మధ్యలో ఆపినట్టు లేదూ!"

"వీపు మీద గూని," అంది రాజ్యం. "మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది, పాపం. ఎంత దూరం నడిచొచ్చిందో."

"బావా, నీకో?"

శేషుబాబు తల అటూ ఇటూ వంచి చూశాడు. "నాకైతే మా పెద్ద బావమరిది స్కూటరెక్కుతున్నట్టుంది."

కేదారేశ్వరి గుండె మీద చెయ్యేసుకుంది. "సార్! రెండో ఆకారం!"

"ఆపండి! ఎవరూ ఏమీ చూడొద్దు!" అని అరిచాడు మార్తాండరావు. "టార్చి ఆర్పు!"

టార్చి ఆరింది. అంతా చీకటి.

"మా అన్నయ్యని ఎందుకండీ ప్రతిదానికీ లాగుతారు?" అన్న రాజ్యం గొంతు వినిపించింది.

పరిష్కారానికి అక్కడికక్కడే అత్యవసర సమావేశం జరిగింది. గూని కొట్టేయిద్దామంటే, రాతిని ముట్టుకోకూడదన్న నియమం వేరే శాఖది. ఒంటెని రాయిగానే చూడాలని యాత్రికులకు విజ్ఞప్తి చేద్దామంటే, ఆ విజ్ఞప్తిలో ఒంటె పేరు రాయాల్సి వస్తుంది. చివరికి మార్తాండరావుకి ఉపాయం తట్టింది. టార్పాలిన్ తెప్పించి రాయి మీద కప్పించాడు. నాలుగు వైపులా తాళ్లు బిగించారు. టార్చి వేసి చూశారు.

ఇంతకుముందు అది ఒంటె. ఇప్పుడు సరుకు వేసుకుని ప్రయాణానికి సిద్ధమైన ఒంటె.

"లేచేట్టుంది," అంది భారతి మెచ్చుకోలుగా.

*

ఇక మిగిలింది ఒకటే దారి. తెల్లగవిలో కూడా ఒక ఒంటెని పట్టాలి. అందరూ అక్కడికి బయల్దేరారు.

తెల్లగవిలో కుంపట్లు రాజుకుంటున్నాయి. సుంకమ్మ గుహ నోట్లో గోడకానుకుని నిలబడి ఉంది. పొట్టి మనిషి. నవ్వు ఎక్కడో దాచుకుని బయటికి రానివ్వని ముఖం. యాత్రికులు లేక ఖాళీగా ఉన్నా, టార్చి చేత్తో పట్టుకునే ఉంది.

"సుంకమ్మా," అన్నాడు మార్తాండరావు. "నీ గుహలో ఒంటె ఆకారం ఒకటి తక్షణం గుర్తించవలసి ఉన్నది."

సుంకమ్మ టార్చి ఒక రాయి మీద వేసింది. "ఇది రాయి."

"అది కాదు. బాగా చూడు."

"ఇది గూడా రాయి. తలకాయ జాగ్రత్త."

"ఊహించు సుంకమ్మా! నీకు రానిదా?"

"ఊహకి అనుమతి ల్యాదు గద సార్. మీరే కదా తీసేసినారు. మళ్లా ఇయ్యండి, ఒంటేం ఖర్మ, గుంపుకి గుంపే తోలుకొస్తా."

"ఆమోదిత వ్యాఖ్యానం సవరించాలంటే రెండు గుహల్లోనూ సమానంగా సవరించాలి," అంది కేదారేశ్వరి. "అంటే ఎర్రిస్వామికి కూడా ఊహ మంజూరు చెయ్యాలి."

"అతనికి మంజూరు చేసి ఏం లాభం? వాడకం లేదుగా," అన్నాడు మార్తాండరావు.

"అయితే ఈమెకీ ఇవ్వలేం సార్."

మార్తాండరావు స్వయంగా వెతికాడు. గోడ గోడకీ టార్చి వేశాడు. ఒక రాయి దగ్గర ఆగి, "ఇది ఒంటె కాదూ?" అని శేషుబాబుని ఆశగా అడిగాడు.

"ఇడ్లీ పాత్రలా ఉందండీ," అన్నాడు శేషుబాబు నిజాయితీగా.

మార్తాండరావు ముఖం చాలా దిగులుగా మారింది. పొద్దున వదిలేసిన ఇడ్లీ తరవాత ఆ మనిషి ఏమీ తినలేదు.

*

అందరినీ గుహ బయట ఎండలో నిలబెట్టి ఆయన నిర్ణయం ప్రకటించాడు. ఎర్రిస్వామిని కూడా పిలిపించారు. అతను ఇసుకలో అడ్డంగా నడిచి, వంపుల రోడ్డున వచ్చేదానికన్నా ముందే వచ్చేశాడు.

"సమానత్వం సాధించడానికి రెండు మార్గాలున్నాయి," అన్నాడు మార్తాండరావు, చేతులు వెనక్కి కట్టుకుని. "రెండు గుహలనూ సమానంగా చూపించడం ఒకటి. రెండిటినీ సమానంగా చూపించకపోవడం ఇంకొకటి. మొదటిది కష్టసాధ్యమని తేలిపోయింది. కావున ఈ సాయంత్రం అయిదు గంటలకు రెండు గుహలూ శాశ్వతంగా మూసివేయబడతాయి."

"గైడ్లో?" అంది భారతి.

"ఇద్దరినీ సమానంగా తొలగిస్తాం."

ఎర్రిస్వామి సుంకమ్మ వైపు చూశాడు. సుంకమ్మ ఇసుక వైపు చూసింది. ఆ ఇద్దరికీ ఆ రెండు గుహలు తప్ప వేరే సేద్యం లేదు. ఆ ఇసుకలో చేద్దామన్నా పండదు.

"ఇదేం న్యాయమండీ?" అంది రాజ్యం. "రాయి ఒంటెలా ఉంటే వీళ్ల కడుపు కొడతారా?"

"రాయి తప్పు చెయ్యదమ్మా. తప్పు చేసింది దాన్ని ఒంటె అని మొదట చెప్పిన వ్యక్తి. ఆ వ్యక్తి ఎవరో తేలితే విషయం వేరు. అప్పుడు ఒంటె కేవలం ఒకరి వ్యక్తిగత అభిప్రాయం అవుతుంది. ఆ వ్యక్తిని తొలగించి, గుహలను యథాతథంగా నడపవచ్చు."

"పొద్దున వచ్చిన వాళ్లని అడగొచ్చుగా, ఎవరు చెప్పారో?" అన్నాడు శేషుబాబు.

"అడిగాం. అందరూ చీకట్లో విన్నారు. ఎవరి గొంతో తెలియదంటారు," అంది కేదారేశ్వరి. "కానీ సార్, దీనికి విచారణ కూడా అక్కర్లేదు. రాయిని చూసి ఒంటె అనగలిగిన మనిషి ఈ రెండు గుహల్లోనూ ఒక్కరే ఉన్నారు."

అందరూ సుంకమ్మ వైపు తిరిగారు.

"నాకు ఆ గవిలో ఏం పని సార్?" అంది సుంకమ్మ. "నేను ఆ పక్కకే పోలేదు."

"ఇంకెవరంటారు? మీ ఆయనా?" అంది కేదారేశ్వరి.

సుంకమ్మ నోరు తెరవబోయి మూసుకుంది. ఆ మూసుకోవడం చూసి మార్తాండరావు తృప్తిగా తలాడించాడు.

"కేసు తేలిపోయింది. సుంకమ్మను విధుల నుంచి తొలగిస్తూ..."

"ఆగండి సార్," అన్నాడు ఎర్రిస్వామి.

అతను అంత గట్టిగా మాట్లాడటం అంతకుముందు ఎవరూ వినలేదు. టార్చి కింద పెట్టాడు. తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు.

"ఆయమ్మ కాదు. నేను. ఒంటె అని చెప్పింది నేనే.

"నమ్మరని నాకు తెలుసు సార్. నేనే నమ్మలేదు. ఇన్నేండ్లు ఆ గవిలో తిరిగినా, రాయి తప్ప ఏమీ కనపడలేదు. మొన్న టార్చి చెయ్యి జారి కింద పడె. పడి, అడ్డంగా ఎలుగిచ్చె. చూస్తే ఒంటె! నాకు భయమాయె. బయటికి ఉరికొస్తి. ఇంటికి పోయి ఈయమ్మకు చెప్తి. 'నీకా? ఒంటెనా?' అని నగింది సార్. నగి నగి, పప్పు గంటె కింద పడేసుకున్యాది. మీరు ఆయమ్మ మాటలు తీసేసినాక మా ఇంట్లో నగు ఇనడం అదే మొదలు. ఆ పొద్దు అనుకుంటి, ఎట్లన్నా చేసి ఈ తప్పు చేయల్ల అని.

"మీ రూలు నాకు బాగా తెలుసు సార్. ఈ గవిలో ఒకటి ఎక్కువైతే, ఆ గవికి ఒకటి ఇయ్యల్ల. ఆ గవిలో ఒంటె దొరకదు. దొరక్కపోతే ఆయమ్మ మాటలన్నా ఆయమ్మకు తిరిగిస్తారని లెక్కేసుకుంటి. అందుకే ఈ పొద్దు టార్చి ఆర్పి, గొంతు మార్చి, 'అదిగో ఒంటె' అని, మళ్లా టార్చి ఏస్తి. జనం ఈలలేసిరి. నిజం చెప్తాండా సార్, శానా బాగుండె. మీరు రెండు గవులూ మూసేస్తారని నేనేం కలగన్నానా?

"నన్ను తీసేయండి. ఆయమ్మను ఉండనియ్యండి. కానీ తీసేసే ముందర ఇంకొకటి గూడా ఒప్పుకోవల్ల. దాచినా. ఆ ఒంటె పక్కన ఒక మనిషి గూడా ఉండాడు సార్. ఛాతీ ముందుకి, చేతులు ఎనక్కి. ఆ ముక్కు, ఆ నొసలు, ఆ నిలబడే తీరు... అచ్చం మీరే సార్. ఒంటెకే మంజూరు ల్యాకపాయె, అధికారికి ఎట్లుంటాదని ఎవురికీ చెప్పలే. ఈ పొద్దు అయిదుకి మూసేస్తిరా, ఆయప్ప చీకట్లోనే నిలబడిపోతాడు, చూసేవాడు ల్యాక. మూయకుంటే మాత్రం, మీ రూలు ప్రకారం, ఈ తెల్లగవిలో గూడా మీరు ఉండల్ల గద సార్? ఉంటారు. యాడో ఒక తావ కచ్చితంగా ఉంటారు. అయితే మిమ్మల్ని ఎతికి పట్టుకునేది నా వల్ల కాదు. సుంకమ్మే పట్టల్ల. పట్టల్లంటే ముందు ఆయమ్మను నోరు తెరవనియ్యల్ల."